మా మాటలో లేని చోటు

ఆయన పోయారని ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. వేంసూరు దగ్గర వాళ్ల ఊళ్లోనే, నిద్రలోనే పోయారట. మట్టి చేయడం కూడా అయిపోయిందట. "నాన్న ఫోన్లో మీ నంబరు టీచరమ్మ అని ఉందండీ. మీకు చెప్పాలనిపించింది" అంది. మంచిపని చేశావమ్మా అన్నాను. ఫోన్ పెట్టేశాక నాకు ముందుగా ఆయన చూపుడువేలు గుర్తొచ్చింది.

ఆ వేలు ఎప్పుడు చూసినా నేలవైపే ఉండేది. భద్రాచలం బస్టాండులో పక్కన కూర్చున్నవాళ్లనైనా, చర్ల రోడ్డు మీద పంక్చర్లు వేసే సాయిబునైనా, మా ఊళ్లో ఇప్పపువ్వు ఏరుకునే ఆడవాళ్లనైనా ఆపి, వేలు కిందికి చూపించి "దీని కింద ఏముంది?" అని అడిగేవారు. మట్టి, అనేవాళ్లు. "మట్టి కింద?" రాయి. "రాయి కింద?" నీళ్లు. "నీళ్ల కింద?" అక్కడికి వచ్చేసరికి కొందరు నవ్వేవాళ్లు, కొందరు విసుక్కునేవాళ్లు. ఆయన మాత్రం డాక్టరు ఏం చెబుతాడోనని చూసే రోగిలా వాళ్ల నోటివంకే చూస్తూ నిలబడేవారు.

బోర్లు వేసే లారీ మీది మనిషి "నీళ్ల కింద దుమ్ము సార్, నసీబు బాగుంటే మళ్ల నీళ్లు" అన్నాడట. కొత్తగూడెం బస్సులో, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన ఒకాయన "నరకమా? అది కింద యాడిది సారూ! కిందున్నది బాయి. నరకం పైన మా క్వార్టర్ల ఉండె, మా అత్త ఉన్నన్ని రోజులు" అన్నాడట. ఇలాంటివి చెప్పేటప్పుడు ఆయన పొట్ట ఊగేలా నవ్వేవారు. నవ్వు అయిపోయాక కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని, "కానీ మాట మాత్రం దొరకలేదు టీచరమ్మా" అనేవారు.

ఆయన వెతుకుతున్న మాట నరకానికి. అది కూడా మా కోయ మాటలో.

ప్రార్థన చేసేవాళ్ల సంస్థ ఒకటి తమ వాక్యాన్ని, అంటే బైబిలును, మా భాషలోకి తేవాలనుకుంది. అందుకు కుదుర్చుకున్న మనిషి ఆయన. తెలుగు పండితుడిగా చేసి రిటైరైన మనిషి, పైగా చిన్నప్పటి నుంచి విశ్వాసి. మా ఊరికి దగ్గర్లో ఒక గది కిరాయికి తీసుకుని, మా మాట నేర్చుకుని, ఊరూరా తిరిగేవారు. నేను ఆశ్రమ పాఠశాలలో టీచరును, కోయపిల్లను. ఆయనకు ఎక్కడ అనుమానం వచ్చినా మా బడికి వచ్చేవారు. మా వాళ్లు ఆయనకు మాటలాయన అని పేరు పెట్టారు.

సాయంత్రం బడి వరండాలో టీ తాగుతూ ఆయన పాతాళాల పేర్లు చెప్పేవారు. డోర్నకల్ నుంచి రైలు ఎక్కడెక్కడ ఆగుతుందో చెప్పినట్టు చెప్పేవారు. అతలం, వితలం, సుతలం, తలాతలం, మహాతలం, రసాతలం, పాతాళం. "మనవాళ్ల పాతాళం భయపడాల్సిన చోటు కాదమ్మా, మణులతో వెలిగిపోతూ ఉంటుందట. నరకం వేరు, దాని అడ్రసు వేరు" అనేవారు. గ్రీకులది హేడీస్, అంటే కంటికి కనబడనిది అని కొందరంటారు. ఇంగ్లీషువాళ్ల హెల్ కప్పిపెట్టడం అనే పాత మాటలోంచి వచ్చింది. యూదులది షియోల్. అది అడగడం అనే మాటకు చుట్టమని కొందరు చెబుతారు, రుజువు లేదు. అయినా ఆయనకు అదంటే ఇష్టం. పంక్చరు సాయిబు చెప్పిన జహన్నుమ్ అసలు ఒక ఊరి పక్కనున్న లోయ పేరట. "చూశారా, ఎవరో తమ ఊరి పక్క చెత్త తగలబెట్టుకున్న లోయ తిరిగి తిరిగి చర్ల రోడ్డుదాకా వచ్చింది" అని ఆశ్చర్యపోయేవారు. జపాను వాళ్ల యోమి, ఫిన్లాండు వాళ్ల తువోనెల. నాకు ఆ దేశాలు ఎక్కడున్నాయో కూడా సరిగ్గా తెలియదు. వినడానికి మాత్రం బాగుండేది.

ఒకసారి మా బడి బావిలో బొక్కెన పడిపోతే వాచ్‌మన్ పాతాళగరిగ తెచ్చి తాడుకు కట్టి దింపాడు. కొక్కేల గుత్తి బొక్కెనను పట్టుకుని పైకి వచ్చేదాకా ఆయన బావి గట్టు పట్టుకుని వంగి చూశారు. "తెలుగులో పాతాళానికి పోయి తిరిగొచ్చేది ఇదొక్కటే" అని పిల్లలందరికీ చెప్పారు.

మా భాషలో మాట ఎందుకు దొరకలేదంటే, మాకు ఆ చోటు లేదు. మా ఊళ్లో పోయినవాళ్లు ఎక్కడికీ పోరు. ఊరి చివర వాళ్ల పేరున రాయి నిలబెడతాం. కొత్త పంట తినే ముందు చేసే కొత్తల పండగకు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాం. వస్తారు, తింటారు, ఇంటి మూలల్లో ఉంటారు. వాళ్లను ఎవరూ కాల్చరు, ఎవరూ తూచరు. ఇదంతా చెబితే ఆయన శ్రద్ధగా విని, "మరి చెడ్డవాళ్లు?" అని అడిగారు. చెడ్డవాళ్లూ ఇక్కడే ఉంటారు, కొంచెం దూరంగా కూర్చుంటారు అన్నాను.

మాట లేకపోతే వర్ణించి చెబుదామని చూశారు. "వెలుగు లేని చోటు" అని కోయలో చెప్పి చూస్తే మా ఆడవాళ్లు "అడివేగా, రోజూ పోతం" అన్నారు. "ఎప్పుడూ మంటలుండే చోటు" అంటే వాళ్ల ముఖాలు వెలిగాయి. మంట పెట్టిన చోటు అంటే పోడు, పోడు తర్వాత జొన్న. ఆయన ఆ రోజు నాతో "నరకాన్ని పొలం చేసి పెట్టారు మీ వాళ్లు" అని నవ్వారు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు లేదు.

మా పెద్దమ్మ గురించి ఇక్కడ చెప్పాలి. మా నాయన అన్నకు భార్య. పెదనాన్న ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు. పెళ్లికి సంబంధాలు చూస్తున్న రోజుల్లో, మిరపచేనుకు కొట్టే మందు తాగి చేనులోనే పడిపోయాడు. ఎందుకో ఎవరికీ తెలియదు. ముందురోజు నాతో మా బడి పిల్లల ఆటలపోటీల గురించి మాట్లాడాడు.

మా ఊళ్లో ఒక కట్టడి ఉంది. అలా తనకు తాను పోయినవాళ్లకు రాయి నిలబెట్టరు, పండగకు పేరు పెట్టి పిలవరు. పిలిస్తే మిగతావాళ్లు రారని పెద్దల మాట. ఊరికి పెద్ద మా నాయనే. పెద్దమ్మ మా గుమ్మంలోకి వచ్చి అడిగింది, ఏడ్చింది, తిట్టింది. మా నాయన తల వంచుకుని కూర్చున్నాడే తప్ప ఊఁ అనలేదు.

ఆ సంవత్సరం పండగలో పేర్లన్నీ పిలిచారు. వాడి పేరు పిలవలేదు. మరుసటి ఆదివారం నుంచి పెద్దమ్మ ఊరి పక్క రేకుల షెడ్డులో జరిగే ప్రార్థనకు పోవడం మొదలుపెట్టింది. అక్కడ పాటలో "అందరినీ పిలుస్తాడు" అని వస్తుందట. ఆమె ఆ ఒక్క మాట కోసం పోయింది.

మాటలాయన తన వర్ణనలు ఆ షెడ్డులోనే, ప్రార్థన అయ్యాక, ఉన్నవాళ్ల ముందు చెప్పి చూసేవారు. ఆ రోజు నేనూ ఉన్నాను. ఆయన కొత్తగా ఒకటి ఆలోచించుకుని వచ్చారు. కోయలో చెప్పారు. తెలుగులో అయితే, "ఎవరూ పేరు పెట్టి పిలవని చోటు."

అడివికీ మంటకూ భయపడని మా వాళ్లు దీనికి భయపడ్డారు. ఆయనకు అది అర్థమై ముఖంలో సంతోషం వచ్చింది, ఇన్నాళ్లకు దొరికిందని. అప్పుడు వెనక నుంచి మా పెద్దమ్మ లేచింది.

"గట్లాంటి జాగ ఉన్నదా?" అంది.

"ఉందని రాసి ఉంది పెద్దమ్మా."

"మా వోణ్ని ఎవరు పిలుస్తలేరు. అయితే వోడు ఆడనే ఉన్నడన్నట్టా?"

ఎన్నో భాషల్లో పేర్లు గడగడా చెప్పే మనిషి, చేతిలో కాగితాన్ని మడతపెడుతూ, విప్పుతూ నిలబడిపోయారు. చివరికి "నేను వేరే మాట వెతుకుతాను పెద్దమ్మా. ఇది సరైన మాట కాదు" అన్నారు.

"మాట సంగతి నేను అడగలే" అంది పెద్దమ్మ.

ఆయన ఆ వర్ణనను కొట్టేశారు. కోయలో దీనికి మాట లేదు, పెట్టకూడదు, ఆ చోట్లన్నీ ఖాళీగా అయినా వదలండి లేకపోతే "చావు" అని రాయండి అని సంస్థవాళ్లకు చెప్పారు. వాళ్లూ మర్యాదస్తులే. మెల్లగా వివరించారట. మాట లేకపోతే సంగతే అర్థం కాదు కదండీ, తెలుగు నరకం పిల్లలందరికీ తెలిసిన మాటే కదండీ అన్నారట. అలాగే అచ్చయింది. కోయ వాక్యాల నడుమ, నరకం.

పుస్తకాలు వచ్చిన వారం షెడ్డులో చదివిన కుర్ర పాస్టరు చెడ్డవాడేమీ కాదు. పెద్దమ్మకు జ్వరమొస్తే బండి మీద దవాఖానాకు తీసుకుపోయినవాడు. తనకు నేర్పినదే చెప్పాడు. ప్రాణం దేవుడిదని, దాన్ని తనకు తాను తీసుకున్నవాళ్లు నరకానికి పోతారని చెప్పి, ఆమె ముందు మోకాళ్లూని తనూ ఏడ్చాడు. మాటలాయన వెనక గోడకు ఆనుకుని ఉన్నారు. ఆయన తర్జుమా చేసిన పుస్తకమే కుర్రవాడి చేతిలో ఉంది. లేచి ఏదో అనబోయి, మళ్లీ కూర్చోవడం నేను చూశాను.

షెడ్డు బయట పెద్దమ్మ ఆయన్ని ఆపింది. ఏడవలేదు. చెట్టు కింద నిలబడి, బస్సు వివరం కనుక్కునేవాళ్లలా నిదానంగా అడిగింది.

"మాటలాయనా, నేను ఏం తప్పు జేస్తే ఆడికి పోత?"

"పెద్దమ్మా..."

"నేనెవల్ని కొట్టలే, దొంగతనం జెయ్యలే. గిట్లనే పోతే నన్ను వేరే కాడికి పంపుతరేమో. వోడు ఒక్కడే ఉంటడు. వోనికి చిన్నప్పటి నుంచి చీకట్ల ఒక్కనికి పండుడు రాదు. ఏం జెయ్యాల్నో చెప్పు, జేస్త."

ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. తెల్ల పంచె, తడిమట్టి. పెద్దమ్మ తనే ఆయన్ని చెయ్యిపట్టి లేపి, "పోనీ, యాదికొచ్చినప్పుడు చెప్పు" అని ఇంటికి పోయింది.

ఆ తర్వాత ఆయన ఆ ప్రశ్నను మోసుకుని వారం వారం పెద్దమ్మ దగ్గరికి వచ్చేవారు. పొగాకు కాడలు తెచ్చేవారు. విశ్వాసులు పొగాకు ముట్టకూడదని నియమం. అయినా తెచ్చేవారు. ఇద్దరూ పందిరి కింద కూర్చునేవాళ్లు. ఆమె చింతకాయలు కొట్టేది, ఆయన గింజలు ఏరేవారు. వెళ్లేముందు ఆమె "యాదికొచ్చిందా?" అనేది. ఆయన లేదు అన్నట్టు తల ఊపేవారు. ఒకరోజు సంస్థ పని మానేశానని నాకు చెప్పారు. గది ఖాళీ చేసి వేంసూరు వైపు సొంతూరికి పోయి, తమ్ముడి పామాయిల్ తోట చూసుకుంటానన్నారు. పోయారు కూడా. అయినా నెలకోసారి పొగాకు కాడలతో దిగేవారు.

వానాకాలం చివర్లో పెద్దమ్మకు జ్వరం తిరగబెట్టింది. భద్రాచలం దవాఖానాలో చేర్చాం. నేను ఫోన్ చేస్తే మాటలాయన పొద్దున బయలుదేరి సత్తుపల్లిలో ఒక బస్సు, కొత్తగూడెంలో ఒక బస్సు మారి మధ్యాహ్నానికి వచ్చారు. బత్తాయిలు తెచ్చారు. ఆమె తినే స్థితిలో లేదు. కళ్లు తెరిచి ఆయన్ని గుర్తుపట్టి, అలవాటుగా అడిగింది.

"యాదికొచ్చిందా?"

ఆయన మంచం అంచున కూర్చుని, ఆమె చెవి దగ్గరికి వంగి, కోయలో చెప్పారు. "అట్లాంటి చోటు లేదు పెద్దమ్మా. నరకం లేదు."

చోటు లేదని చెప్పడానికి కూడా మా మాటలో పదం లేదు. ఆ తెలుగు మాట వాడాల్సి వచ్చింది. పెద్దమ్మ పెదాలు కొంచెం కదిలాయి. నవ్విందనే అనుకుంటాను.

"మా మాటల లేనిదాన్ని నువ్వే తెచ్చినవ్. ఇప్పుడు నువ్వే లేదంటున్నవ్."

"అవును పెద్దమ్మా."

"నా కోసం అంటున్నవ్. నీ దేవుడు నీకు కోపం జేస్తడు గదా."

"చేయనీ."

ఆమె ఆయన చెయ్యి తట్టింది. "వద్దులే. నేను పోతున్న గదా, నేనే చూస్త" అంది. మర్నాడు మధ్యాహ్నం పోయింది.

దవాఖానా వరండాలో నేను ఆయన్ని అడిగాను, నిజంగానే లేదా సార్ అని. ఆయన బత్తాయిల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. "అన్ని పేర్లు తెలుసమ్మా నాకు. ఉందో లేదో తెలియదు" అన్నారు.

కోతలయ్యాక పెద్దమ్మకు రాయి నిలబెట్టాం. ఆయన్ని ఎవరూ పిలవలేదు. మాటల్లో నేను ఫోన్లో చెప్పాను, వచ్చారు. మా రాళ్ల దగ్గరికి ఆయన మతంవాళ్లు రారు. ఆయన కూడా అంతకుముందు ఎప్పుడూ దూరంగా చెట్టుకింద నిలబడేవారు. ఆ రోజు డప్పులు ఆగి, మేక మాంసం వండే పొయ్యిల దగ్గరికి జనం సర్దుకుంటున్నప్పుడు, వాగు వైపు నుంచి వచ్చారు. భుజం మీద తువ్వాలు మడతపెట్టి, దాని మీద ఒక రాయి. మోకాలెత్తు ఉంటుంది. చొక్కా అంతా నీళ్లు, మట్టి. ఆ వయసులో అంత బరువు వాగు లోంచి ఎలా తెచ్చారో తెలియదు. ఎవరినీ చూడకుండా నేరుగా వరుస దగ్గరికి పోయి, పెద్దమ్మ రాయి పక్కన ఆ రాయిని దించి, పడిపోకుండా అటూ ఇటూ చిన్న రాళ్లు దోపసాగారు.

అందరూ మా నాయన వైపు చూశారు. మా నాయన మెల్లగా నడిచి ఆయన దగ్గరికి పోయాడు. నేనూ వెనకే పోయాను.

"అయ్యా, ఇది ఎవనిదో నాకెరికే" అన్నాడు మా నాయన. "ఇది మా పద్ధతి గాదు. మీ పద్ధతి గూడ గాదు."

"అవునండీ. ఏ పద్ధతీ కాదు."

"మరెందుకు తెచ్చినవ్?"

ఆయన తల ఎత్తలేదు. "ఏం చేయాలో తోచక తెచ్చానండీ."

మా నాయన ఆయన పక్కనే గొంతుకూర్చున్నాడు. "వోడు నా అన్న కొడుకు. ఈ భుజాల మీద కూసుండబెట్టుకొని జాతరకు తిప్పిన. వోణ్ని ఈడ నిలబెట్టాల్నని నాకు లేదనుకుంటున్నవా? నిలబెడితే మిగిలినోళ్లు రారంటరు. మా తాత చెప్పిండు, ఆయనకు వాళ్ల తాత చెప్పిండు. అబద్ధమే గావచ్చు. రేపు ఊళ్లె ఎవని పిల్లకన్న జరమొస్తే, నువ్వు కట్టడి తప్పినవ్ గాబట్టే వచ్చిందంటరు. వాళ్లకు నేనేం చెప్పాలె?"

ఆయన దోపబోతున్న చిన్న రాయిని పక్కన పెట్టారు. అప్పుడు మా నాయన లేచి, తలకు చుట్టుకున్న తుండు విప్పి నడుముకు బిగించి, వంగి ఆ రాయి కింద చేతులు పెట్టాడు. ఎత్తలేకపోయాడు. మా నాయనకు అప్పటికే నడుం నొప్పి. ఊళ్లోవాళ్లు ఎవరూ ముందుకు రాలేదు. ఎవరి చెయ్యి పడాలో ఎవరికీ తెలియలేదు. మా నాయన రెండోసారి ఎత్తబోయి, తూలి, రాయి పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

మాటలాయన పంచె ఎగ్గట్టి లేచి, రెండో పక్క పట్టుకున్నారు.

ఇద్దరూ కలిసి ఎత్తారు. వాగు వైపు బయలుదేరారు, ఒకళ్ల అడుగు ఒకళ్లు చూసుకుంటూ, ఆగుతూ. అదే నేను ఆయన్ని ఆఖరిసారి చూడడం. గట్టు దిగేచోట వాళ్ల మాటలు నాకు వినిపించాయి.

"మెల్లగ అయ్యా, ఈడ జారుడున్నది."

"మీరు ముందు దిగండి. బరువు నా వైపు ఉంచుకుంటాను."